రెండు సూర్యోదయాల ప్రయాణం

గగనమార్గాల చరిత్ర – 9

గత భాగంలో ఇంగ్లండ్–ఆస్ట్రేలియా గగనమార్గం ఎలా రూపుదిద్దుకుందో చూశాం. 1919లో రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్‌లతో కలిసి వికర్స్ విమీ విమానంలో ఇంగ్లండ్ నుంచి డార్విన్ చేరడానికి 28 రోజులు పట్టింది. 1935 నాటికి టికెట్ కొనుక్కున్న ప్రయాణికుడు బ్రిస్బేన్‌లో బయలుదేరి పన్నెండున్నర రోజుల్లో లండన్‌లో దిగేవాడు. 1938లో పెద్ద నీటి విమానాలు వచ్చాయి. సిడ్నీలోని రోజ్ బే నీళ్ల మీద నుంచి లేచి సింగపూర్, రంగూన్, కలకత్తా, అలహాబాద్, గ్వాలియర్, కరాచీల మీదుగా తొమ్మిది పది రోజుల్లో సౌతాంప్టన్ చేరేవి. ఇరవై ఏళ్లలో ప్రయాణకాలం మూడో వంతుకు తగ్గింది. ఇక ముందు ఇంకా తగ్గడమే తప్ప పెరగడం ఉండదని నాటివారు నమ్మారు.

నాలుగేళ్లు తిరక్కముందే ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. దాన్ని మళ్లీ కలపడానికి కొందరు పైలట్లు హిందూ మహాసముద్రం మీద ఒక్క చోటా ఆగకుండా రోజుకు మించిన సేపు ఎగిరారు. ఈ భాగంలో చెప్పబోయేది ఆ కథ.

తెగిన దారి

మొదటి దెబ్బ పడమటి కొసన తగిలింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో మధ్యధరా సముద్రం మీదుగా పౌర విమానాలు తిరిగే వీలు లేకపోయింది. లండన్‌కు వెళ్లాల్సిన మార్గాన్ని కైరో దగ్గర దక్షిణానికి తిప్పి ఆఫ్రికాలోని డర్బన్ వరకు పొడిగించారు. సిడ్నీ నుంచి సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరోల మీదుగా డర్బన్‌కు సాగిన ఆ మార్గం పటం మీద గుర్రపు నాడా ఆకారంలో కనిపించేది. అందుకే దానికి ‘హార్స్‌షూ రూట్’ అనే పేరు వచ్చింది.

తూర్పు కొస 1942లో తెగింది. జనవరి 30న ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ నీటి విమానం కోరియోను తిమోర్ దీవి దగ్గర జపాన్ యుద్ధవిమానాలు కూల్చేశాయి. అందులో ఉన్న 18 మందిలో 13 మంది చనిపోయారు. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. నాలుగు రోజులకు డార్విన్ మీద బాంబులు పడ్డాయి. మార్చి 3న పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలోని బ్రూమ్ రేవు మీద దాడి జరిగి, శరణార్థులతో నిండిన నీటి విమానాలు నీళ్ల మీదే తగలబడ్డాయి. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఆ నగరంలో తరతరాలుగా కూలి చేసుకు బతికిన తెలుగువాళ్లు ఎందరో అడవుల వెంట కాలినడకన స్వదేశం బాట పట్టింది ఆ రోజుల్లోనే. మార్చి 23న అండమాన్ దీవులు కూడా పోయాయి.

ఒక్కో మజిలీ పోయినకొద్దీ ఆస్ట్రేలియా మిగతా ప్రపంచానికి దూరమైంది. విమానాలున్నాయి, నడిపేవాళ్లూ ఉన్నారు. దిగి ఇంధనం నింపుకునే చోటే లేకుండా పోయింది.

కొగ్గల సరస్సు

సింహళ ద్వీపపు దక్షిణ కొసన, గాలే పట్టణానికి దగ్గరగా, సముద్రాన్ని ఆనుకుని కొగ్గల అనే సరస్సు ఉంది. సింహళ సాహిత్యంలో మహా రచయితగా పేరు పొందిన మార్టిన్ విక్రమసింహ పుట్టిన ఊరు కూడా కొగ్గలే. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళం ఆ సరస్సును నీటి విమానాల స్థావరంగా మార్చింది. స్థావరం కోసం ఊరివాళ్లను ఖాళీ చేయించారు. తాతముత్తాతల ఇళ్లూ కొబ్బరితోటలూ వదిలి వాళ్లు వెళ్లిపోవాల్సి వచ్చింది. మనం చెప్పుకోబోయే విజయంలో వాళ్ల నష్టం కూడా కలిసి ఉందని మరవకూడదు.

1942 ఏప్రిల్ 4న ఈ సరస్సు నుంచే కెనడా పైలట్ లెనార్డ్ బిర్చాల్ కాటలీనా నీటి విమానంలో గస్తీకి వెళ్లాడు. ద్వీపానికి ఆగ్నేయంగా వందల కిలోమీటర్ల అవతల జపాన్ నౌకాదళం బారులు తీరి వస్తూ కనిపించింది. ఆ కబురును రేడియోలో పంపుతుండగానే శత్రు విమానాలు చుట్టుముట్టి అతని విమానాన్ని కూల్చేశాయి. సముద్రంలోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు యుద్ధం ముగిసేదాకా జపాన్ ఖైదీలుగా ఉన్నారు. అయినా కబురు చేరింది. మర్నాడు ఉదయం కొలంబో మీద దాడి జరిగేసరికి రేవులోని ఓడలు చాలావరకు బయటికి వెళ్లిపోయాయి.

ఆ మరుసటి రోజు, ఏప్రిల్ 6న, అదే దాడిలో భాగంగా ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా ఊళ్లు భయంతో ఖాళీ అయ్యాయి. మన తీరంలో ఆనాటి పెద్దలు దశాబ్దాల తరబడి చెప్పుకున్న ‘జపాను బాంబుల’ కథకు, ఇక ముందు చెప్పుకోబోయే, ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి కొగ్గలకు సాగిన విమానాల కథకు నేపథ్యం ఒక్కటే. బంగాళాఖాతమూ హిందూ మహాసముద్రమూ ఆ వేసవిలో ఎవరికీ సురక్షితం కాలేదు.

ఆగకుండా దాటగల విమానం

ఆస్ట్రేలియా పడమటి తీరంలో పెర్త్ ఉంది. అక్కడి నుంచి కొగ్గలకు విమానం వెళ్లే దూరం 5,652 కిలోమీటర్లు. మధ్యలో అంతా సముద్రమే. సుమారు సగం దూరంలో చిన్న కోకోస్ దీవులు తప్ప చెప్పుకోదగ్గ నేల లేదు. కుడివైపు సుమత్రాలో, అండమాన్‌లో జపాన్ విమాన స్థావరాలున్నాయి. ఆ కాలపు ప్రయాణికుల విమానాల్లో ఒక్కటి కూడా ఇంత దూరం ఏకబిగిన వెళ్లలేదు.

వెళ్లగలదని ఆశ పెట్టుకోదగ్గది కాటలీనా ఒక్కటే. అమెరికాలోని కన్సాలిడేటెడ్ సంస్థ తయారుచేసిన ఈ నీటి విమానానికి తల మీద గొడుగులా 31.7 మీటర్ల పొడవైన రెక్క, ఆ రెక్క మీద ఒక్కొక్కటి 1,200 హార్స్‌పవర్ ఇచ్చే రెండు ఇంజన్లు ఉండేవి. వేగం తక్కువ, ఓర్పు ఎక్కువ. హిందూ మహాసముద్రంతో ఈ రకం విమానానికి పరిచయమూ ఉంది. 1939 జూన్‌లో ఆస్ట్రేలియా పైలట్ పి. జి. టేలర్, అమెరికా ప్రకృతి అన్వేషకుడు రిచర్డ్ ఆర్క్‌బోల్డ్‌కు చెందిన ‘గూబా’ అనే కాటలీనాలో పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి కోకోస్, డియెగో గార్సియా, సేషెల్స్ దీవుల మీదుగా ఆఫ్రికాలోని మొంబాసా దాకా సర్వే చేశాడు. యుద్ధం వస్తే సింగపూర్ దారి మూసుకుపోవచ్చనే ముందుచూపుతో చేసిన ప్రయాణమది.

1943లో బ్రిటన్ ప్రభుత్వం అయిదు కాటలీనాలను ఈ పనికి కేటాయించింది. నడిపే బాధ్యతను హడ్సన్ ఫిష్ నాయకత్వంలోని క్వాంటాస్ తీసుకుంది. పెర్త్‌లో స్వాన్ నది ఒడ్డున ఉన్న నెడ్లాండ్స్ వాళ్ల స్థావరం. విమానంలో బరువు తగ్గించడానికి ఏది తీసేయగలిగితే అది తీసేశారు. కవచం పోయింది, మంచు పట్టకుండా కాపాడే పరికరాలు పోయాయి, చలినీ చప్పుడునూ ఆపే లోపలి పొర కూడా పోయింది. ఖాళీ అయిన చోట అదనపు ఇంధన ట్యాంకులు అమర్చారు. సుమారు 9 వేల లీటర్ల పెట్రోలుతో నిండిన విమానం బరువు 16 టన్నులకు దగ్గరగా ఉండేది. మామూలుగా అనుమతించే బరువు కంటే అది చాలా ఎక్కువ. ఆ భారంతో నీటిని విడిచి పైకి లేవడమే మొదటి గండం. లేచాక మొదటి కొన్ని గంటల్లో ఒక ఇంజన్ ఆగిపోతే రెండోది ఆ బరువును మోయలేదు. అప్పుడు ఇంధనాన్ని సముద్రంలోకి వదిలేయాలి, లేదా నీటిమీద దిగాలి. దిగితే వెతకడానికి వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

27 గంటలా, 33 గంటలా?

1943 జులైలో రాకపోకలు మొదలయ్యాయి. అప్పుడు ఈ ప్రయాణానికి ఎంతసేపు పడుతుందని పైలట్‌ను అడిగితే ఒక్క అంకె చెప్పగలిగేవాడు కాదు. 27 గంటలు కావచ్చు, 33 గంటలు కావచ్చు.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? లెక్క తేలికే. 5,652 కిలోమీటర్లను 27 గంటల్లో దాటాలంటే గంటకు 209 కిలోమీటర్లు వెళ్లాలి. 33 గంటలు పట్టిందంటే సగటు 171కి పడిపోయిందన్నమాట. అంటే గంటకు 38 కిలోమీటర్ల తేడా ప్రయాణాన్ని ఆరు గంటలు పొడిగిస్తుంది. నేటి జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి 38 కిలోమీటర్ల ఎదురుగాలి దానికి పెద్ద లెక్కలోది కాదు. 200 కిలోమీటర్లతో పోయే కాటలీనాకు అదే గాలి అయిదో వంతు వేగాన్ని మింగేస్తుంది. నెమ్మదిగా వెళ్లే విమానం గాలి దయ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే ఆ రోజుల్లో దూరం ఎంతో ఖాయంగా తెలిసినా కాలం ఎంతో చేరాకే తెలిసేది.

ఇంకో షరతు కూడా ఉంది. జపాన్ విమానాలు అందుకోగల ప్రాంతాన్ని చీకట్లో దాటాలి. కాబట్టి బయలుదేరే వేళను గమ్యం నిర్ణయించలేదు, మధ్యలోని ప్రమాదం నిర్ణయించింది. శత్రువు పొంచి ఉన్న నీళ్ల మీద రాత్రి గడిచేలా వెనక్కి లెక్కపెట్టి వేళ కుదిర్చేవారు. అలా కుదిర్చిన ప్రయాణంలో విమానం గాలిలో ఉండగానే సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు. దాన్నిబట్టే ఈ సర్వీసుకు ‘డబుల్ సన్‌రైజ్’ అనే పేరు స్థిరపడింది. దాటిన ప్రతి ప్రయాణికుడికీ ‘సీక్రెట్ ఆర్డర్ ఆఫ్ ది డబుల్ సన్‌రైజ్’ సభ్యుడిగా గుర్తిస్తూ ఒక ప్రశంసాపత్రం ఇచ్చేవారు.

చుక్కల సాయం

రేడియో వాడితే శత్రువుకు జాడ తెలుస్తుంది. కాబట్టి దాదాపు ప్రయాణమంతా మౌనం. వాతావరణ సమాచారం కోసం వినడమే తప్ప బదులు పలకడం అరుదు. దారి చూపాల్సింది ఆకాశమే. అయిదు విమానాలకు పెట్టిన పేర్లు కూడా నావికులు నమ్ముకునే నక్షత్రాలవే: అల్టెయిర్ స్టార్, వేగా స్టార్, రైజెల్ స్టార్, అంటారెస్ స్టార్, స్పైకా స్టార్. మన పంచాంగం చదివేవారికి వీటిలో నాలుగు బాగా తెలిసినవే. వరుసగా అల్టెయిర్, వేగా, అంటారెస్, స్పైకాలు మన శ్రవణం, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్తలు.

నావిగేటర్ పని ఇలా సాగేది. మబ్బుల సందులో చుక్క కనిపించగానే సెక్స్‌టెంట్‌తో అది క్షితిజానికి ఎంత ఎత్తున ఉందో కొలుస్తాడు. కొలిచిన క్షణాన్ని క్రోనోమీటర్‌లో చూసి రాసుకుంటాడు. పట్టికలు తిరగేసి లెక్క కడితే, విమానం పటం మీద ఒకానొక గీత మీద ఎక్కడో ఉందని తేలుతుంది. రెండో చుక్కను కొలిస్తే రెండో గీత వస్తుంది. రెండు గీతలు కలిసిన చోట విమానం ఉన్నట్టు. ఈలోగా విమానం ముందుకు కదిలిపోతూనే ఉంటుంది, ఆ కదలికనూ లెక్కలో సర్దాలి. మబ్బు కమ్మితే వేగం, దిక్కు, గడిచిన కాలం, గాలి పక్కకు తోసిన దూరం, వీటిని కలిపి అంచనా వేయాలి. ఇంజన్ల మోతలో, వణుకుతున్న బల్ల మీద, నిద్రలేని కళ్లతో రాత్రంతా ఈ పని చేయాలి. ఒక్క డిగ్రీ దిక్కు తప్పితే 5,652 కిలోమీటర్ల చివర సుమారు వంద కిలోమీటర్లు పక్కకు పోతారు.

ఆ నావిగేటర్ గీసుకునే పటంలో అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు మరొకటి ఉండేది. ఆ చోటు దాటితే వెనక్కి తిరగడానికి ఇంధనం చాలదు, ముందుకే వెళ్లాలి. సగటు లెక్కకు అది దారి మధ్యకు కాస్త అటూ ఇటూ ఉన్నా, గాలి మారినప్పుడల్లా స్థానం మారుతుంది. ప్రతి కొత్త కొలతతో దాన్ని చెరిపి మళ్లీ గీసేవారు. ఈ రోజు సీటు ముందు తెర మీద విమానం బొమ్మ కదులుతూ, మిగిలిన దూరం, మిగిలిన సమయం నిమిషాలతో సహా చూపుతుంటే మనం మామూలుగా చూస్తాం. ఆ రెండు అంకెలను చేత్తో, చుక్కలతో రాబట్టిన మనుషుల శ్రమకు ఈ చరిత్రలో పెద్దపీట వేయాలి.

మోసింది ఎంత?

ఇంత సాహసానికీ ఒక్కో ప్రయాణంలో మోసింది గరిష్ఠంగా ముగ్గురు ప్రయాణికులను, 69 కిలోల టపాను. చదివితే చాలా స్వల్పంగా అనిపిస్తుంది. కానీ ఆ 69 కిలోలు మామూలు ఉత్తరాల మూట కాదు. ప్రభుత్వ, సైనిక పత్రాలతో పాటు మైక్రోఫిల్మ్‌గా మార్చిన లేఖలు కూడా ఉండేవి. యుద్ధకాలంలో బ్రిటిష్ తపాలా శాఖ ప్రవేశపెట్టిన ఎయిర్‌గ్రాఫ్ పద్ధతిలో ఉత్తరాన్ని ఫొటో తీసి, ఫిల్మును పంపి, చేరిన చోట మళ్లీ కాగితం మీద ముద్రించేవారు. కాగితం మీద 23 కిలోలు తూగే 1,600 ఉత్తరాలు ఫిల్ము మీద 140 గ్రాములే తూగేవి. ఓడలో వెళ్లే ఉత్తరానికి వారాలు, నెలలు పట్టే కాలంలో, ఓడ మునిగితే ఉత్తరమూ మునిగే కాలంలో, కొడుకు క్షేమ సమాచారం తల్లికి త్వరగా చేరడం ఎంత గొప్పదో మనకు వేరే చెప్పనక్కర్లేదు. దూరప్రయాణంలో సరుకు విలువను బరువుతో కొలవకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కొగ్గలతో ప్రయాణం ఆగలేదు. తరవాత ఈ సర్వీసును కరాచీ దాకా పొడిగించారు. అక్కడ బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ విమానాలు అందుకుని ఇంగ్లండ్ వైపు తీసుకుపోయేవి. తెగిన దారి ఇలా మళ్లీ అతుక్కుంది.

1944 జూన్ నుంచి నేల మీద దిగే లిబరేటర్ విమానాలు తోడయ్యాయి. పశ్చిమ ఆస్ట్రేలియా వాయవ్య తీరంలోని లెర్మంత్‌లో ఇంధనం నింపుకుని అవి సింహళానికి ఎగిరేవి. కాటలీనా కంటే ఎంతో వేగం ఉండటంతో సముద్రం మీద గడిపే సమయం దాదాపు సగానికి తగ్గింది. ఆ సర్వీసుకే మొదట కంగారూ పేరు పెట్టారు. ఆస్ట్రేలియా ఒక పెన్నీ నాణెం మీది కంగారూ బొమ్మను చూసి ఆ విమానాల ముక్కు పక్కన చిత్రించారు. నేడు క్వాంటాస్ విమానాల తోక మీద కనిపించే కంగారూకు మూలం అదే.

1945 జులై 18న కాటలీనాల సర్వీసు ముగిసింది. మొత్తం 271 సార్లు సముద్రం దాటాయి. అయిదు విమానాల్లో ఒక్కటీ కూలలేదు, ఒక్క ప్రాణమూ పోలేదు. గాలిలో గడిపిన సమయాన్ని బట్టి చూస్తే, ఎక్కడా ఆగని వాణిజ్య విమాన ప్రయాణాల్లో వీటిని మించినవి ఇప్పటికీ లేవు. యుద్ధం ముగిశాక ఆ విమానాలకు ప్రదర్శనశాలల్లో చోటు దక్కలేదు. అమెరికా ఇచ్చిన యుద్ధకాలపు సహాయ ఒప్పందం ప్రకారం వాటిని వెనక్కి ఇవ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. అయిదింటినీ ఆస్ట్రేలియా తీరాల్లో సముద్రంలో ముంచేశారు.

తిరిగి తెరుచుకున్న ఆకాశం

1947 డిసెంబరులో క్వాంటాస్ కాన్‌స్టలేషన్ విమానాలతో సిడ్నీ–లండన్ సర్వీసు మొదలుపెట్టింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజుల్లో లండన్ చేరేది. అప్పటికి కలకత్తా, కరాచీలు రెండు వేర్వేరు దేశాల నగరాలయ్యాయి. 1989లో బోయింగ్ 747-400 విమానం ఒకటి లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో చేరింది. అది ప్రయాణికులతో నడిపిన రోజువారీ సర్వీసు కాదు, కొత్త విమానాన్ని ఇంటికి తెచ్చుకునే ప్రయాణం. 2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కు ఎక్కడా ఆగకుండా నేరుగా రోజువారీ సర్వీసు మొదలైంది. దూరం 14,498 కిలోమీటర్లు, సమయం సుమారు 17 గంటల 20 నిమిషాలు. కాటలీనా కొగ్గల చేరడానికి పట్టిన కాలంలో మూడింట రెండు వంతులు కూడా పట్టకుండానే, అంతకు రెండున్నర రెట్ల దూరాన్ని బోయింగ్ 787 విమానం దాటేస్తోంది.

2019లో లండన్ నుంచి సిడ్నీకి కొద్దిమందితో ఏకబిగిన ఎగిరి 19 గంటల 19 నిమిషాల్లో చేరిన ప్రయోగ ప్రయాణం, 2022లో క్వాంటాస్ ఆర్డర్ చేసిన 12 ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలు, ఈ రెండూ సిడ్నీని లండన్, న్యూయార్క్‌లతో నేరుగా కలపాలన్న పథకంలో భాగాలు. ఆ పథకానికి ‘ప్రాజెక్ట్ సన్‌రైజ్’ అని పేరు పెట్టారు. యుద్ధకాలపు కాటలీనా పైలట్లకు అది నివాళి.

దారి మధ్యలో ఎవరున్నారు?

రెండు విమానాశ్రయాల మధ్య దూరం భూమి ఆకారాన్ని బట్టి ఉంటుంది, అది మారదు. ప్రయాణకాలాన్ని మాత్రం ఇంజన్ ఒక్కటే నిర్ణయించదు. దారి మధ్యలో ఉన్నవాళ్లతో మన సంబంధం ఎలా ఉందన్నది కూడా నిర్ణయిస్తుంది. 1942 ఈ పాఠం నేర్పింది, ఈనాటికీ అది పాతబడలేదు. 2022లో రష్యా గగనతలం మూసుకుపోవడంతో హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటలు పట్టే ప్రయాణం పదమూడు గంటల దాకా పెరిగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మూతపడ్డాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలు చుట్టుతిరిగి, వియన్నా వంటి చోట్ల ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. ఆ విమానాల్లో పిల్లల దగ్గరికి వెళ్తున్న తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉంటారు. మూసుకుపోయిన ఆకాశం వాళ్ల నుంచి కొన్ని గంటలు తీసుకుంది.

విమానయాన చరిత్రను మనం తరచుగా వేగాల చరిత్రగా రాసుకుంటాం. ఇంకో ఇంజన్, ఇంకో రికార్డు, తగ్గిన ఇంకొన్ని గంటలు. అది సగమే నిజం. పొరుగుదేశాలు ఒకరి విమానాన్ని ఒకరు తమ ఆకాశంలోంచి పోనిచ్చిన ప్రతిసారీ ప్రపంచం చిన్నదైంది, కాదన్న ప్రతిసారీ పెద్దదైంది. దారి మూసుకుపోయిన కాలంలో 271 సార్లు సముద్రం దాటి ఉత్తరాలు చేర్చిన ఆ సిబ్బందిని తలుచుకోవడానికి సరైన పద్ధతి ఒకటే ఉంది. ఎవరికీ మళ్లీ అలాంటి దారి పట్టాల్సిన అవసరం రాకుండా ఆకాశాలను తెరిచి ఉంచుకోవడం.

(వచ్చే భాగం: నాలుగు రోజుల కాన్‌స్టలేషన్ ప్రయాణం, కలకత్తా మజిలీ)